ఆకు టీని మరిగించకండి

సంపాదకుల వారికి,

మన విజయవాడ దుకాణాల్లో దార్జిలింగ్ ఆకు టీ ఇప్పుడు బాగానే దొరుకుతోంది. కొన్నవాళ్లు మాత్రం రెండోసారి కొనడం లేదు. "రంగు రాదు, చిక్కదనం లేదు, డబ్బు దండగ" అన్న మాట మా వీధిలోనే చాలామంది నోట విన్నాను. అడిగితే తేలేదేమిటంటే, అందరూ దాన్ని టీపొడి లాగే పాలల్లో వేసి తెర్లించారు. పాపం, ఆకు ఏం చేస్తుంది?

రైల్వేలో నైట్ డ్యూటీ దిగి స్టేషన్ బయట స్ట్రాంగ్ టీ తాగిన మనిషిని నేను. అల్లం టీ అంటే ఇప్పటికీ ఇష్టమే. దానికి సీటీసీ (క్రష్, టియర్, కర్ల్) పద్ధతిలో చేసిన పొడే సరైనది. 1930ల్లో అస్సాంలో మొదలైన ఆ పద్ధతిలో ఆకుని పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చీల్చి, గుళికలు చేస్తారు. అందుకే నిమిషంలో రంగు దిగుతుంది, పాలకీ అల్లానికీ తట్టుకుంటుంది. ఆకు టీ అలా కాదు. ఆకుని మెలిపెట్టి ఆరబెడతారు కాబట్టి సారం నెమ్మదిగా దిగుతుంది. పొయ్యి మీద మరిగిస్తే సువాసన ఆవిరితో పోయి వగరు మిగులుతుంది.

మా అమ్మాయి కాపురం దార్జిలింగ్ కొండల దిగువనున్న సిలిగురిలో. వాళ్లింట్లో పెట్టే పద్ధతే నేనూ పాటిస్తున్నాను. కప్పుకి ఒక చెంచా ఆకు, అంటే సుమారు 2 గ్రాములు. నీళ్లు తెర్లగానే పొయ్యి కట్టేసి, పొంగు తగ్గాక ఆకు మీద పోసి మూత పెట్టాలి. దార్జిలింగ్‌కి 3 నిమిషాలు, అస్సాం ఆకుకి 4 లేదా 5. పింగాణీ కెటిల్ లేకపోయినా మూత ఉన్న స్టీలు గిన్నె చాలు. టైమ్ అవ్వగానే చుక్క మిగలకుండా వడకట్టెయ్యాలి. ఆకు నీళ్లలోనే ఉండిపోతే చేదెక్కుతుంది. అదే ఆకుతో రెండో కప్పు కూడా వస్తుంది, కొంచెం ఎక్కువసేపు ఉంచితే సరి. ధర చూసి భయపడేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి. దార్జిలింగ్‌లో పాలు వద్దు. అస్సాం ఆకులో కొద్దిగా పోసుకోవచ్చు. గ్రీన్ టీకి నీళ్లు 80 డిగ్రీలు దాటకూడదు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. బోరు నీళ్లతో పెడితే పైన తెట్టు కడుతుంది, రంగు మసకబారుతుంది. మా సత్యనారాయణపురంలో కుళాయికి వచ్చే కృష్ణ నీళ్లతో నాకు మంచి టీ వస్తోంది. పొద్దున కాచి ఉంచిన నీళ్లు మళ్లీ వేడి చేయకుండా తాజాగా పట్టుకోవాలి.

దుకాణదారులకు నా విన్నపం ఒక్కటే. ఆకుని ఎండ తగిలే గాజు సీసాల్లో, అగరుబత్తీల పక్కన, ఇంగువ పక్కన పెట్టకండి. టీ ఆకు ఏ వాసననైనా ఇట్టే పట్టేస్తుంది. విడిగా తూచి ఇచ్చే పొట్లం మీద ఆకు ఏ ప్రాంతానిదో, ఎప్పుడు ప్యాక్ అయిందో రాసివ్వండి. దార్జిలింగ్ టీకి 2004లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లే హక్కు, వచ్చింది, మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి సరుకు అదే. ఆ పేరు చెప్పి డబ్బు తీసుకుంటున్నప్పుడు, కొనేవాళ్లు అడిగితే పెద్ద ప్యాకెట్ మీద ఉన్న దార్జిలింగ్ టీ గుర్తు కూడా చూపించాలి.

– ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి,
సత్యనారాయణపురం, విజయవాడ