పాత భవనంలో కొత్త దుకాణం

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ టర్మ్‌లో ఎనిమిదో తరగతి సోషల్ ప్రాజెక్టు ఇది: నగరం నడిబొడ్డున ఉన్న పాత భవనాలను నిలబెడితే ఆ ప్రాంతం మళ్లీ ఎలా పుంజుకుంటుంది? ఇందులో పిల్లలు నేర్చుకునేది ఏముందని కొందరు అడిగారు. చాలానే ఉంది. లెక్కలూ ఉన్నాయి, చట్టాలూ ఉన్నాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో కార్లు పెరిగాయి, జనం శివార్లకు మారారు, వాళ్ల వెనకే దుకాణాలూ వెళ్లిపోయాయి. ఊరి నడుమ పెద్ద వీధులు బోసిపోయాయి. చాలాచోట్ల పాతవి కూల్చి పార్కింగ్ స్థలాలు చేశారు. న్యూయార్క్‌లో పెన్ స్టేషన్ అనే పాత రైల్వే స్టేషన్ కూల్చివేత 1963లో మొదలైంది. దాని మీద రేగిన ఆగ్రహం వల్లే 1965లో ఆ నగరానికి పాత కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చింది. అదే చట్టం 1978లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌ను కాపాడింది.

అయితే ఒక్క గొప్ప కట్టడం మిగిలినంత మాత్రాన వీధి బతకదు. 1977లో గేల్స్‌బర్గ్, హాట్ స్ప్రింగ్స్, మాడిసన్ అనే మూడు చిన్న పట్టణాల్లో ఒక ప్రయోగం చేశారు. ప్రధాన వీధి బాగోగులు చూడటమే పనిగా ఒక మేనేజర్‌ను పెట్టి, భవనాల మరమ్మతునూ వ్యాపారాన్నీ కలిపి నడిపించారు. 1980లో అదే 'మెయిన్ స్ట్రీట్' పేరుతో దేశవ్యాప్త కార్యక్రమమైంది. అక్కడి పన్ను రాయితీ కూడా గమనించదగ్గది. గుర్తింపు పొందిన చారిత్రక భవనాన్ని నిబంధనల ప్రకారం బాగుచేస్తే ఖర్చులో 20 శాతం పన్నులో తగ్గుతుంది, కానీ ఆ భవనం ఆదాయం తెచ్చేదై ఉండాలి. నాకు నచ్చింది ఈ షరతే. ముందు గోడకు రంగు వేసి, లోపల తాళం వేసి ఉంచితే అది ఫొటోలకు తప్ప దేనికీ పనికిరాదు.

పాత వీధుల్లో భవనాలు ఇరుకు, తలుపులు ఎక్కువ. నడిచేవాళ్లకు అడుగడుక్కీ చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. కట్టిన అప్పు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది కాబట్టి అద్దె తరచూ కొత్త భవనాల కంటే తక్కువే, చిన్న పెట్టుబడితో మొదలుపెట్టేవాళ్లకు చోటు దొరుకుతుంది. వీధి బాగుపడ్డాక అదే అద్దె పెరిగి వాళ్లనే బయటకు నెట్టేయవచ్చు. సియాటిల్‌లో 1907 నాటి పైక్ ప్లేస్ మార్కెట్‌ను 1971లో ప్రజలు ఓటేసి కాపాడుకున్నారు. అక్కడ గోడల మీదే కాదు, ఏ దుకాణం ఎలాంటి వ్యాపారం చేయాలన్నదాని మీదా నియమాలున్నాయి. ఇలాంటి నియంత్రణ న్యాయమా కాదా అన్నది పిల్లల డిబేట్‌కు వదిలేశాం. ఇంట్లో మీ అభిప్రాయం ముందే చెప్పేయకండి!

మీలో తాపీ పని, వడ్రంగం, ఆర్కిటెక్చర్ తెలిసినవాళ్లు ఉంటే ఒక పీరియడ్ వచ్చి మాట్లాడండి. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని ఇటుక ఎందుకు పాడవుతుందో మా కంటే మీరే బాగా చెప్పగలరు. క్లాస్ టీచర్‌కు కబురు చేస్తే చాలు. చార్టులు మాత్రం పిల్లలనే గీయనివ్వండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు