నొప్పి మందుకి టైమ్ వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం. క్యాన్సర్ ఆస్పత్రుల గురించి వార్త వచ్చినప్పుడల్లా కొత్త మిషన్లు, కొత్త బ్లాకులు, ఆరోగ్యశ్రీలో ఎన్ని ఆపరేషన్లు అయ్యాయి ఇవే ఉంటాయి, వార్డులో పడుకున్న మనిషికి అర్ధరాత్రి నొప్పి వస్తే ఏం చేస్తున్నారో మాత్రం ఎవరూ రాయరు. నేను స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను, ఈమధ్య మా ఆడపడుచు భర్తకి తోడుగా ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది, రెండు వైపులా చూసినదాన్ని కాబట్టి రాస్తున్నా.

అన్నయ్య గారికి ప్రొస్టేట్ క్యాన్సర్, వెన్నెముకకి పాకింది. కేస్ షీట్ చూస్తే నొప్పికి ట్రమడాల్ ఇంజెక్షన్, ఎస్ఓఎస్ అని ఉంది, అంటే అడిగితేనే ఇవ్వమని. యాంటీబయాటిక్‌కి ఉదయం ఎనిమిది రాత్రి ఎనిమిది అని టైములు వేస్తారు, నొప్పి మందు కావాలంటే మాత్రం పేషెంటు మూలగాలి, అటెండెంటు సిస్టర్ దగ్గరికి పరిగెత్తాలి, సిస్టర్ డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ కొట్టాలి, ఆయన ఐసీయూలో ఉంటాడు, ఇదంతా అయ్యేసరికి నొప్పి ముదిరిపోతుంది, ముదిరాక దాన్ని లొంగదీయాలంటే ముందు సరిపోయే డోసు సరిపోదు. పైగా మనవాళ్ళు అడగరు కూడా! రౌండ్స్‌లో పెద్ద డాక్టరు "ఎలా ఉంది" అంటే అన్నయ్య గారు "పర్లేదు సార్" అనేసేవారు, ఆయన అటు వెళ్ళగానే దుప్పటి మార్చడానికి కాస్త పక్కకి తిప్పితే మంచం రాడ్డు పట్టుకుని పళ్ళు బిగించేవారు. బీపీ, టెంపరేచర్ చూసినట్టే ప్రతి డ్యూటీలో నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత అని అడిగి, అదీ కదిలినప్పుడు ఎంతో అడిగి షీట్లో రాస్తే ఈ "పర్లేదు"లు ఆగుతాయి.

క్యాన్సర్ నొప్పికి మందు నోటి ద్వారా, గడియారం చూసి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. ట్రమడాల్‌కి ఒక హద్దుంది, రోజుకి 400 మిల్లీగ్రాములు దాటకూడదు. నల్లమందు నుంచి తీసే, దానికంటే బలమైన నొప్పి మందు మార్ఫిన్‌కి అలా ఒకటే హద్దు లేదు, చిన్న డోసుతో మొదలెట్టి నొప్పిని బట్టి పెంచుతారు. మామూలు మార్ఫిన్ బిళ్ళ నాలుగు గంటలు పనిచేస్తుంది, అందుకే నాలుగు గంటలకోసారి ఇస్తారు, మధ్యలో నొప్పి పొడుచుకొస్తే విడిగా ఇంకో డోసు. మలబద్ధకం ఖాయం కాబట్టి విరేచనం మందు మొదటి రోజు నుంచే రాయాలి, కిడ్నీలు బాలేకపోతే జాగ్రత్త పడాలి. ఎముక నొప్పికి ఒక్కసారి రేడియేషన్ ఇచ్చినా చాలామందికి తగ్గుతుంది కానీ అది పనిచెయ్యడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, అప్పటిదాకా బిళ్ళే గతి.

మరి ఎందుకు ఇవ్వరంటే, మార్ఫిన్ అనగానే ఇంట్లోవాళ్ళు "అంటే ఇంక ఆఖరి స్టేజా" అని ఏడుస్తారు, లేదా అలవాటు పడిపోతాడంటారు. నొప్పి ఉన్న మనిషికి కొలిచి ఇస్తే వ్యసనం అవడం అరుదు. సిస్టర్లని అనడానికి లేదు, రాత్రి ఒక్కరే అన్ని మంచాలూ చూసుకోవాలి, మార్ఫిన్ పెట్టే బీరువాకి డబుల్ లాకు, రిజిస్టర్, లెక్కలో ఒక్క ఆంపుల్ తేడా వస్తే పొద్దున్నే సంజాయిషీ. ఆస్పత్రి మేనేజ్‌మెంట్లు మాత్రం లైసెన్సు తలనొప్పి అంటారు, అది పాత పాట. 1985 నాటి నార్కోటిక్స్ (మత్తుమందుల) చట్టాన్ని 2014లో సవరించి, నాలుగైదు పర్మిషన్ల బదులు రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ దగ్గర గుర్తింపు తీసుకుంటే చాలన్నారు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, యూపీల్లో సర్కారే లైసెన్సులిచ్చి నల్లమందు పండిస్తోంది, ఆ నల్లమందు నుంచి వచ్చే బిళ్ళ మన వార్డులో ఉండదు!

హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో దీనికోసమే పాలియేటివ్ విభాగం, అంటే నొప్పీ బాధా తగ్గించి చూసుకునే విభాగం ఉంది, తెలంగాణ జిల్లాల్లో కూడా పాలియేటివ్ కేర్ సెంటర్లు పెట్టారు, కానీ చాలామందికి వాటి సంగతే తెలీదు. డిశ్చార్జ్ చేసేటప్పుడు అన్నయ్య గారి చీటీలో విటమిన్ బిళ్ళ కూడా రాశారు గానీ మార్ఫిన్ ఎక్కడ దొరుకుతుందో ఒక్క ముక్క చెప్పలేదు, మామూలు మెడికల్ షాపుల్లో అడిగితే మనల్ని దొంగల్ని చూసినట్టు చూస్తారు. మీ జిల్లా ఎడిషన్లలో ఏ ఊళ్ళో ఏ ఆస్పత్రిలో ఈ బిళ్ళలు ఇస్తారో, ఏ రోజుల్లో ఓపీ ఉంటుందో, ఏ కాగితాలు పట్టుకెళ్ళాలో కనుక్కుని ఒక లిస్టు వెయ్యగలరా?

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్స్, ఖమ్మం