మార్కుల మెమోతో పాటు క్రెడిట్ల లెక్క కూడా విద్యార్థి చేతికి ఇవ్వండి

సంపాదకులు గారికి, నమస్కారం.

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన దగ్గర నుంచి మా గాజువాక వైపు ఏ ఇంట్లో చూసినా ఒకటే మాట: ఏ గ్రూపు తీసుకోవాలి, ఏ కాలేజీలో సీటు వస్తుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా, బస్సు నేరుగా ఉందా లేక మద్దిలపాలెంలో మారాలా. ఇవన్నీ అడగవలసినవే. కానీ ముప్పై నాలుగేళ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరైన నా దగ్గరికి సలహా కోసం వచ్చే తల్లిదండ్రులలో ఒక్కరు కూడా, మూడేళ్ల తర్వాత ఈ పిల్లకు డిగ్రీ ఇవ్వాలంటే విశ్వవిద్యాలయం ఏమేమి లెక్క చూస్తుంది అని అడగలేదు. నిజానికి మా ఇంట్లో దెబ్బ తగిలే వరకు నేనూ అడగలేదు.

నా మేనకోడలు నగరంలోని ఒక కళాశాలలో బీఎస్సీ చదివింది. కళాశాల పేరు రాయడం ఈ ఉత్తరం ఉద్దేశం కాదు. బ్యాక్‌లాగ్ అన్న మాట ఎరగని పిల్ల. చివరి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక పీజీ ప్రవేశానికి ప్రొవిజనల్ సర్టిఫికెట్ కావాలని దరఖాస్తు చేస్తే, కోర్సు ఇంకా పూర్తి కాలేదని సమాధానం వచ్చింది. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, "అన్ని పేపర్లూ పాసయ్యాను కదా మావయ్యా, డిగ్రీ పాసవలేదంటున్నారేటి?" అని గుమ్మంలోనే కూలబడింది. మెమోలన్నీ చాప మీద వరసగా పరిచి, పెన్సిలు పట్టుకుని, మార్కులు పక్కన పెట్టి, కుడివైపు ఉన్న క్రెడిట్ల (ఒక్కో కోర్సుకు చదివిన గంటలను బట్టి ఇచ్చే లెక్క) గడి ఒక్కటే కూడుకుంటూ వచ్చాను. రెండుసార్లు కూడినా కావలసిన మొత్తానికి నాలుగు తగ్గాయి. అప్పుడు తెలిసింది, మొదటి ఏడాది వేసవిలో ఊరూరా తిరిగి తాగునీటి మీద చేసిన సమాజ సేవా ప్రాజెక్టు ఏ మెమోలోనూ ఎక్కలేదని. పిల్ల నివేదిక ఇచ్చింది, అధ్యాపకులు సంతకం చేశారు, ఆ కాపీ ఇంట్లో భద్రంగా ఉంది. కళాశాల కార్యాలయంలో ఆ వివరాలను ఆన్‌లైన్‌లో ఎక్కించవలసిన చోట ఎవరూ ఎక్కించలేదు. రెండేళ్లపాటు ఎవరి కంటా పడలేదు. సరిచేయించుకునే సరికి కౌన్సెలింగ్ గడువు దాటిపోయి, ఒక విద్యా సంవత్సరం చేజారింది.

మా తరంలో ఈ ఇబ్బంది లేదు. నేను ఆంధ్ర విశ్వవిద్యాలయం డిగ్రీ చదివిన కాలంలో ఏడాదికోసారి పరీక్షలు, ఇంగ్లీషు, తెలుగు, మూడు గ్రూపు సబ్జెక్టులు. అన్నీ పాసైతే డిగ్రీ వచ్చినట్టే. అరవై శాతం దాటితే ఫస్ట్ క్లాస్. ఇంట్లో పెద్దలకు ఇప్పటికీ మనసులో ఉన్నది ఈ చిత్రమే. కానీ రాష్ట్రంలో 2015-16లో సెమిస్టర్లూ క్రెడిట్లూ వచ్చాయి, 2020-21లో సిలబస్ మారి ప్రాజెక్టులు, ఇంటర్న్‌షిప్‌లు తప్పనిసరి అయ్యాయి, 2023-24లో మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి ఒకే ప్రధాన సబ్జెక్టు (మేజర్) పద్ధతి వచ్చింది. అంటే ఒకే ఇంట్లో నాలుగేళ్ల తేడాతో చదివిన అక్కాచెల్లెళ్ల డిగ్రీలకు కూడా షరతులు వేరు. అక్క చెప్పింది విని చెల్లెలు మోసపోయే పరిస్థితి ఇది, ఇందులో అక్క తప్పేమీ లేదు.

లెక్కల మాస్టారిగా ఈ క్రెడిట్ అన్నది ఏమిటో నాకు తెలిసినంత వరకు చెబుతాను. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ఇచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం, వారానికి ఒక గంట పాఠం చొప్పున పదిహేను వారాల సెమిస్టర్ అంతా వింటే అది ఒక క్రెడిట్. ప్రయోగశాలలో అయితే అదే క్రెడిట్‌కు వారానికి రెండు గంటలు. మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు ఉండాలి, అంటే సగటున సెమిస్టర్‌కు ఇరవై. ఇది కనీస సంఖ్య మాత్రమే కనుక ఏ విశ్వవిద్యాలయమైనా ఇంతకన్నా ఎక్కువ పెట్టుకోవచ్చు. అందుకే ఎవరో చెప్పిన సంఖ్య కాకుండా తాము చేరిన సంవత్సరానికి వర్తించే నిబంధనల పుస్తకం చూసుకోవాలి.

అసలు చిక్కు మొత్తంలో లేదు, వాటాల్లో ఉంది. ఆ 120లో మేజర్ సబ్జెక్టుకు కనీసం 60, దానికి తోడుగా తీసుకునే మైనర్ సబ్జెక్టుకు 24, సొంత శాఖకు బయటి విషయాలు చదివే కోర్సులకు 9, భాషలకు 8, నైపుణ్య కోర్సులకు 9, పర్యావరణం వంటి విలువల కోర్సులకు 6 నుంచి 8, వేసవి ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4 అని ఆ చట్రం చెబుతుంది. జాగ్రత్తగా చూస్తే, పిల్లలు "నా సబ్జెక్టు" అనుకుని రాత్రింబవళ్లు చదివేది మొత్తం డిగ్రీలో సగమే. మిగతా సగం, వాళ్లు "అవి చిన్న పేపర్లు, ఎలాగూ అయిపోతాయి" అనుకునే వాటిలో ఉంది. ఒక వాటాలో ఎక్కువైన క్రెడిట్లు ఇంకో వాటాలో లోటును పూడ్చవు. భౌతికశాస్త్రంలో ఎన్ని మార్కులు వచ్చినా రెండు క్రెడిట్ల నైపుణ్య కోర్సు మిగిలిపోతే డిగ్రీ ఆగుతుంది. ఈ సంగతి మొదటి సెమిస్టర్‌లోనే తెలిసిన విద్యార్థి ఏ కోర్సునూ చిన్నచూపు చూడడు.

ప్రాజెక్టులూ ఇంటర్న్‌షిప్‌లూ ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే వాటికి హాల్ టికెట్ ఉండదు, పరీక్ష తేదీ ఉండదు, ఫలితాల రోజు పేపర్లో పడే వార్త ఉండదు. పేపర్ తప్పితే మెమోలో కనిపిస్తుంది, పిల్లాడు సప్లిమెంటరీకి ఫీజు కడతాడు. ప్రాజెక్టు నమోదు కాకపోతే అక్కడ ఏమీ కనిపించదు, లేనిదాన్ని ఎవరు వెతుకుతారు? నేను చూసినంతలో డిగ్రీ చివర్లో ఆగిపోయిన పిల్లల్లో తెలివి తక్కువై ఆగినవాళ్లు తక్కువ.

హాజరు విషయం అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. 75 శాతం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వకపోవచ్చు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ అదే గీటురాయి. అంతర్గత పరీక్షలకు 25, సెమిస్టర్ పరీక్షకు 75 మార్కులన్న విభజన గురించి మాత్రం ఒక మాట. పెళ్లిళ్ల కోసమో, పొలం పనుల కోసమో అంతర్గత పరీక్షలు మానేసే పిల్లలు, ఆ పాతిక తిరిగి రావడం ఎంత కష్టమో చివరి సెమిస్టర్‌లో గాని గ్రహించరు.

ఇప్పుడు క్రెడిట్లను దాచే ఖాతా ఒకటి వచ్చింది. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే దీన్ని కేంద్రం 2021 జులైలో ప్రారంభించింది. విద్యార్థి డిజిలాకర్ ద్వారా ఆధార్‌తో ఖాతా తెరుచుకుంటే, చదివిన సంస్థ అందులో క్రెడిట్లు జమ చేస్తుంది. జమ చేయవలసింది సంస్థే, విద్యార్థి చేతిలో లేదు. ఇక్కడ మన ప్రాంతపు చిక్కు ఒకటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, లేదా పేరు చివరికి పోతుంది. మనిషి ఒకరే అయినా యంత్రానికి ఇద్దరు. నాలుగు వారాల పని నాలుగు నెలలవుతుంది. చేరిన మొదటి నెలలోనే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఈ బాధ ఉండదు. కేంద్ర ప్రభుత్వపు 'స్వయం' వేదికలో ఆన్‌లైన్ కోర్సులు చేసే పిల్లలకు కూడా ఇదే మాట చెబుతున్నాను: ఆ క్రెడిట్లు డిగ్రీలో కలవాలంటే ముందుగా కళాశాల అనుమతి ఉండాలి. సర్టిఫికెట్ తెచ్చి చూపించి కలపమంటే కుదరకపోవచ్చు.

మా వీధిలో ఒక అమ్మాయి డిగ్రీ రెండేళ్లు అన్నీ పాసై, పెళ్లితో చదువు ఆపేసింది. రెండేళ్లూ గంగలో కలిశాయని వాళ్ల అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది. ఈ కొత్త చట్రంలో చేరినవారికి అలా జరగనవసరం లేదు. మొదటి ఏడాది 40 క్రెడిట్లు సంపాదించి, వేసవిలో నాలుగు క్రెడిట్ల వృత్తి కోర్సు గాని ఇంటర్న్‌షిప్ గాని చేసి ఆగిపోతే యూజీ (డిగ్రీ స్థాయి) సర్టిఫికెట్, రెండేళ్లకు 80 క్రెడిట్లతో, అదే షరతు మీద యూజీ డిప్లొమా ఇవ్వాలని అందులో ఉంది. మూడేళ్ల లోపు తిరిగి చేరవచ్చు, మొత్తం ఏడేళ్లలో డిగ్రీ ముగించాలి. చదువు ఆపే రోజున టీసీ చేతిలో పెట్టి పంపించే బదులు, అమ్మా నీకు ఈ దారి ఉంది అని చెప్పే మనిషి కార్యాలయంలో ఒకరు కావాలి. పాడేరు, అరకు నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్లలో ఉండి చదివే గిరిజన విద్యార్థులకు ఇది ఎంత అవసరమో నేను వేరే చెప్పనక్కరలేదు. ఇంటి దగ్గర ఒక్క కష్టం వస్తే మొదట ఆగేది వాళ్ల చదువే.

నాలుగో ఏడాది గురించి కూడా చాలామందికి అయోమయం ఉంది. మొత్తం 160 క్రెడిట్లతో ఆనర్స్ డిగ్రీ వస్తుంది. పరిశోధనతో కూడిన ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులుండాలి, 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేయాలి. మూడో ఏడాది చివర్లో తెలుసుకుంటే అప్పటికి శాతం చేయి దాటిపోయి ఉంటుంది. ఇదీ చేరిన రోజున చెప్పవలసిన విషయమే.

ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది 1926లో. దాదాపు నూరేళ్లుగా ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివే పిల్లలు ఈ ఊరికి వస్తూనే ఉన్నారు. వాళ్ల తల్లిదండ్రులు నిబంధనల పుస్తకం చదవలేరు, అది ఇంగ్లీషులో ఉంటుంది. కనుక మీ పత్రిక ద్వారా నగరంలోని డిగ్రీ కళాశాలల ప్రిన్సిపాళ్లకూ, ఉన్నత విద్యామండలికీ నా విన్నపం ఇది. ప్రవేశం పొందిన మొదటి వారంలోనే ప్రతి విద్యార్థికి, ఆ సంవత్సరపు నిబంధనల ప్రకారం ఏ వాటాలో ఎన్ని క్రెడిట్లు రావాలో తెలుగులో ఒక్క పేజీలో అచ్చువేసి ఇవ్వండి. ప్రతి సెమిస్టర్ ఫలితాల తర్వాత ఆ పేజీలోనే వచ్చినవి ఎన్ని, రావలసినవి ఎన్ని అని రాసి, విద్యార్థి చేత, బాధ్యుడైన అధ్యాపకుడి చేత సంతకం చేయించండి. రేషన్ కార్డులోనూ పాల లెక్కలోనూ మన ఇళ్లలో ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇది. అయిదో సెమిస్టర్ మొదట్లో ఒకసారి అందరి లెక్కా సరిచూసి, లోటున్న వారి పేర్లు వారికి మాత్రమే తెలిసేలా చెప్పి, సరిచేసుకునే సమయం ఇవ్వండి. సాఫ్ట్‌వేర్ తప్పో, గుమాస్తా తప్పో తర్వాత తేల్చుకోవచ్చు, ముందు పిల్లకు తెలియాలి.

ఒక కాగితం, సెమిస్టర్‌కు రెండు సంతకాలు ఉండి ఉంటే నా మేనకోడలి నాలుగు క్రెడిట్ల లోటు రెండో ఏడాది దసరా సెలవులకు ముందే బయటపడేది. ఆ పిల్ల ఈ ఏడాది మళ్లీ పీజీ ప్రవేశ పరీక్షకు చదువుతోంది. వాళ్ల తమ్ముడు వచ్చే నెలలో డిగ్రీలో చేరబోతున్నాడు. వాడికి ఇవ్వడానికి ఆ ఒక్క పేజీ నేనే చేత్తో గీసి ఉంచాను. కళాశాల అచ్చువేసిన కాగితం ఇస్తే నాది పక్కన పడేస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
గాజువాక, విశాఖపట్నం.