చిన్న బల్లపై న్యారోగేజ్: కొత్త సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం. ఇంట్లో చోటు లేదని నమూనా రైలు మార్గం ఆలోచనను వాయిదా వేస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను.

నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన చిన్న రైలు మార్గం న్యారోగేజ్, అంటే పట్టాల మధ్య దూరం మామూలు కంటే తక్కువ; బ్రాడ్‌గేజ్‌గా మారకముందు అది 762 మిల్లీమీటర్లు ఉండేది. దీన్ని హెచ్‌ఓ అనే నమూనా నిష్పత్తికి, అంటే 87వ వంతుకు తగ్గిస్తే 8.76 మి.మీ. వస్తుంది కాబట్టి, ఎన్ గేజ్ అనే ఇంకా చిన్న నమూనా రైళ్ల కోసం తయారయ్యే 9 మి.మీ. పట్టాలే మనకు సరిపోతాయి. స్టేషను, మనుషులు, చెట్లు మాత్రం హెచ్‌ఓ కొలతలో ఉండాలి.

60 సెం.మీ. వెడల్పు, 90 సెం.మీ. పొడవు ఉన్న ప్లైవుడ్ పలకపై 228 మి.మీ. వ్యాసార్థపు వంపుతో పూర్తి చుట్టు చక్కగా ఇమిడిపోతుంది. మధ్యలో చిన్న కొండను నిలిపితే, రైలు అటువైపు కనుమరుగై మళ్లీ ఇటు వచ్చేసరికి ఎంతో దూరం వెళ్లివచ్చినట్లే ఉంటుంది. పొట్టి ఇంజను, మూడు పెట్టెలు చాలు.

పాయింట్ల (రైలును ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పట్టాల) విషయంలో మాత్రం పొదుపు చేయకండి. నా నాలుగు చక్రాల ఇంజను నెమ్మదిగా నడిపినప్పుడల్లా పాయింటు మీద ఆగిపోయేది. వంగి చూస్తే, పట్టాలు కలిసే మొనలో ప్లాస్టిక్ ముక్క ఉంది, అక్కడ చక్రాలకు కరెంటు అందడం లేదు. ఆ మొన లోహంతో ఉండి, దానికి కూడా కరెంటు అందే పాయింట్లనే మొదటి నుంచీ కొనండి. పట్టాలను తరచూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో తుడవండి.