ఎగుమతి రొయ్యకు జరిగే పరీక్ష మన కోడికెందుకు లేదు?

ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక, మత్స్య శాఖల మంత్రి గారికి,

నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లా, గుడ్ల కోసం పెంచే లేయర్ కోళ్ల మీద బతికే కుటుంబం.

కోడిపిల్లలు షెడ్డులో దిగిన మొదటి రోజుల్లోనే నీళ్ల ట్యాంకులో యాంటీబయాటిక్ కలపడం ఇక్కడ మామూలు. రోగం వచ్చిందని కాదు, రాకూడదని. ఎంత కలపాలో చాలాసార్లు ఫీడ్ డీలరో, మందుల కంపెనీ కుర్రాడో చెబుతాడు. అందులో ఎన్రోఫ్లాక్ససిన్ ఒకటి. కోడి ఒంట్లోకి వెళ్లాక అది కొంత సిప్రోఫ్లాక్ససిన్‌గా మారుతుంది. మనకు డాక్టర్లు రాసే సిప్రో అదే. కోళ్లలో దానికి లొంగని మొండి బ్యాక్టీరియా పెరిగి మనకు సోకితే, ఆ మందు మనకూ పనిచేయదు.

2019లో కేంద్రం కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు, ఆక్వాకు వాడకుండా నిషేధించింది. మంచి పని. కిడ్నీలు దెబ్బతినొచ్చని తెలిసి కూడా, వేరే మందు పనిచేయని ఐసీయూ రోగికి ఎక్కించే మందు అది. అలాంటిదాన్ని కోళ్లు త్వరగా బరువు రావాలని దాణాలో కలిపేవారు! 2015లో చైనా పందుల్లోని బ్యాక్టీరియాలో కొలిస్టిన్‌కు లొంగని ఎంసీఆర్-1 జన్యువు బయటపడింది. ఒక రకం బ్యాక్టీరియా నుంచి ఇంకో రకానికి అది దాటిపోగలదు. మిగతా మందుల విషయంలోనూ ఇలా జరగొచ్చు. ఒక్క మందును ఆపితే సరిపోదనేది అందుకే.

'ఉడికిస్తే ఆ బ్యాక్టీరియా చస్తాయి కదా' అంటారు. కూరలో చస్తాయి, నిజమే. షెడ్డులో పెంట ఎత్తే కూలీ, చికెన్ షాపులో కోసే కుర్రాడు ముట్టుకునేది పచ్చిదే కదా. ఆ పెంట పొలాలకూ, చేపల చెరువులకూ లారీల్లో వెళ్తోంది. మాంసంలో మందు అవశేషం లేకపోయినా మొండి బ్యాక్టీరియా పెంటలో ఉండొచ్చు.

యూరప్‌కు వెళ్లే రొయ్యకు చెరువులో పట్టకముందే శాంపిల్ తీస్తారు. నిషేధిత మందు దొరికిందా, సరుకు ఆగిపోయినట్టే. కొనేవాడు గట్టిగా అడిగాడు కాబట్టి జరుగుతోంది. బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో గుడ్డు గురించి అంత గట్టిగా ఎవరు అడగాలి?

2014 నుంచి మనుషుల మందుల షాపుల్లో కొన్ని యాంటీబయాటిక్స్ అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. పశువుల మందుల షాపుల్లోనూ ప్రతి యాంటీబయాటిక్‌కూ అలాగే రాయించండి. తనిఖీ కూడా చేయించండి.

రైతు మీద కేసులతో మాత్రం మొదలుపెట్టకండి. కళ్ల ముందు కోళ్లు పోతుంటే ఎవడైనా చేతికందిన మందే పోస్తాడు. జిల్లా ల్యాబులో చచ్చిన కోడిని ఇస్తే, ఏ మందు పనిచేస్తుందో రెండు మూడు రోజుల్లో చెప్పే ఏర్పాటు చేయండి. మందుల బిల్లు మాకూ భారమే, అక్కర్లేనిది మేమే మానేస్తాం.

ఇట్లు,
ఒక కోళ్ల రైతు