‘క్షణికావేశం’ అని మీరెలా తేల్చారు?

సంపాదకులకు,

హత్య వార్తల్లో మీ విలేకరులు ఉదారంగా పంచిపెడుతున్న రెండు మాటల గురించి ఈ లేఖ. ఒకటి ‘క్షణికావేశంలో’, రెండోది ‘ఆత్మరక్షణ కోసం’. రెండూ నిందితుడు కోర్టులో రుజువు చేసుకోవలసినవి. భారతీయ సాక్ష్య అధినియం 108వ సెక్షన్ ఆ భారాన్ని అతడి మీదే పెట్టింది. మీరు మాత్రం పంచనామా పూర్తికాకముందే శీర్షికలో ఇచ్చేస్తున్నారు.

‘క్షణికావేశం’ చట్టం ముందు నిలవాలంటే, హత్యను నిర్వచించే భారతీయ న్యాయ సంహిత 101వ సెక్షన్ మొదటి మినహాయింపు ప్రకారం కవ్వింపు తీవ్రంగానూ ఉండాలి, హఠాత్తుగానూ ఉండాలి. నిందితుడు కోరి తెచ్చుకున్నది కాకూడదు. ఇవన్నీ రుజువైనా అతడు విడుదల కాడు, నేరం ఒక మెట్టు దిగి శిక్ష తగ్గుతుంది, అంతే. నానావతి కేసు గుర్తుందా? 1959లో బొంబాయిలో భార్య తన సంబంధం గురించి చెప్పాక ఆ నౌకాదళ అధికారి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఇల్లు విడిచాడు. భార్యాపిల్లల్ని సినిమా హాలు దగ్గర దింపి, ఓడ నుంచి రివాల్వర్ తెచ్చుకుని, ఆమె ప్రియుణ్ణి కాల్చింది నాలుగూ ఇరవైకి. జ్యూరీ కరిగిపోయింది గానీ 1961లో సుప్రీంకోర్టు కరగలేదు. కోపం చల్లారడానికి ఆ వ్యవధి చాలునంది. అలాంటప్పుడు, కూతురు కులాంతర వివాహం చేసుకుందని మనుషుల్ని పురమాయించి అల్లుణ్ణి చంపించే తండ్రికి ‘క్షణం’ ఎక్కడిది?

ఇక రెండో మాట. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో ‘దిశ’ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో హతమైనప్పుడు పోలీసులు చెప్పింది ఆత్మరక్షణే. జనం పూలు చల్లారు. చంపాలనే కాల్చారని, సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో వచ్చింది.

అదే ఏళ్ల తరబడి తన్నులు తిన్న భార్య, నిద్రపోతున్న భర్తను చంపితే మీ శీర్షిక ‘కట్టుకున్నవాణ్ణే కడతేర్చింది’. ఆమెకు ఆ రెండు మాటల్లో ఒక్కటీ దక్కదు. చట్టంలోనూ దక్కడం కష్టమే. అతడు నిద్రలో ఉన్నాడు కాబట్టి ప్రమాదం మీదికి రాలేదట, కోపం ఏళ్లనాటిది కాబట్టి హఠాత్తు కాదట! మెలకువగా ఉన్నవాణ్ణి ఎదిరించే బలమే ఉంటే ఆమె అన్నేళ్లు ఎందుకు భరిస్తుంది? పిల్లలతో బావిలో దూకి తాను బతికిపోయిన ఒక తల్లి కేసులో, ఏళ్లుగా సాగుతూ వచ్చిన వేధింపునూ కవ్వింపుగా లెక్కించవచ్చని మద్రాసు హైకోర్టు 1989లోనే అంది. ఇంగ్లండు 2009 నాటి చట్టంతో ‘హఠాత్తు’ షరతునే తీసేసింది. మనకూ 2024 జులై 1 నుంచి కొత్త సంహిత వచ్చింది. సెక్షన్ నంబరు 300 నుంచి 101కి మారింది, ‘హఠాత్తు’ అన్న మాట మాత్రం 1860లో పెట్టినచోటే ఉంది.

చట్టం మార్చడం మీ చేతిలో లేదు, శీర్షిక ఉంది. ‘ఆత్మరక్షణ కోసం కాల్పులు’ బదులు ‘ఆత్మరక్షణ కోసమేనంటున్న పోలీసులు’ అని వేస్తే ఎన్ని అక్షరాలు పెరుగుతాయి?

– ఒక విశ్రాంత న్యాయవాది, తెనాలి