వార్షిక నివేదిక: డ్యూటీలో గాయపడిన పోలీసు, జైలు సిబ్బంది పరిహారం కోసం మన సంఘం చేసిన పని

అధ్యక్షుల వారికి, పెద్దలకు, గుణుపురం, రాయగడ, బరంపురం నుంచి పొద్దున్నే బయలుదేరి పర్లాకిమిడి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది అన్నిటికన్నా పెద్ద కార్యక్రమం అక్టోబరు 21న జరిపిన పోలీసు అమరవీరుల దినం. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైన్యం కాల్పుల్లో చనిపోయిన పదిమంది జవాన్ల పేరిట దేశమంతా జరిపే రోజు అది. మన ఒడిశా జిల్లాలకు మన గాయాలూ ఉన్నాయి. 2006 మార్చిలో ఆర్.ఉదయగిరి జైలు మీద, పోలీసు స్టేషన్ మీద మావోయిస్టులు చేసిన దాడిని, 2017 ఫిబ్రవరి 1న కోరాపుట్ జిల్లా సుంకి దగ్గర మందుపాతరకు బలైన పోలీసులను మనం మరిచిపోలేదు. అయితే ఏటా దండలన్నీ చనిపోయినవారి ఫొటోలకే పడతాయి. కాలో చెయ్యో పోగొట్టుకుని బతికినవారిని ఎవరూ పిలవరు. ఈసారి వాళ్ళను కుటుంబాలతో సహా వేదిక మీద కూర్చోబెట్టి శాలువాలు కప్పాం. హాలు నిండిపోయింది. ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి మాత్రం రాలేదు, కబురు కూడా పంపలేదు. కర్రల ఊతంతో వచ్చిన మనుషులు ఆయన కోసం మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించింది, అందుకే రికార్డులో ఉండాలని రాస్తున్నాను.

రెండోది జైలు వార్డరుగా పనిచేసే మన తమ్ముడొకడి విషయం. ఖైదీల కొట్లాట ఆపబోయి ఒక కన్ను పోగొట్టుకున్నాడు. ఇన్వాలిడ్ పెన్షన్ (వైకల్యం వల్ల ఉద్యోగం మానేసినవారికి ఇచ్చే పింఛను) మీద ఇంటికి వెళ్ళిపొమ్మన్నారు, ఇంట్లోవాళ్ళు కూడా సరే అనేశారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ అందుకు ఒప్పుకోదు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చెయ్యలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి. అలాంటి పోస్టు లేకపోతే అది దొరికేదాకా, లేదా రిటైరయ్యేదాకా అదనపు పోస్టులో ఉంచాలి. కాలు తీసేసిన ఒక ఎస్.ఎస్.బి. (కేంద్ర సరిహద్దు బలగం) కానిస్టేబుల్ వేసిన కునాల్ సింగ్ కేసులో 2003లోనే సుప్రీంకోర్టు, అప్పటి 1995 చట్టం కింద, ఇన్వాలిడ్ పెన్షన్ ఇస్తున్నాం కదా అనే వాదన చెల్లదని తేల్చింది. ఇవన్నీ పెట్టి మన రిటైర్డ్ హెడ్ క్లర్కు గారు ఒడియాలో అర్జీ రాశారు. తమ్ముడు ఇప్పుడు అదే స్కేలు మీద రికార్డు సెక్షన్లో పని చేస్తున్నాడు. సి.ఆర్.పి.ఎఫ్. లాంటి కేంద్ర బలగాల్లో పిల్లలున్నవారు ఒకటి గమనించాలి. 2021 ఆగస్టులో కేంద్రం ఆ బలగాల్లోని పోరాట సిబ్బందిని ఈ సెక్షన్ నుంచి మినహాయించింది. నా దృష్టిలో అది అన్యాయం.

గంజాయి బండి గుద్దేసి పారిపోతే కాలు విరిగిన కానిస్టేబుల్ ఫైలు ఇంకా తేలలేదు. రాత్రిపూట దగ్గరని ఆంధ్రా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ కంగారులో స్టేషన్ డైరీలో ఎంట్రీ పడలేదు, కమాండ్ సర్టిఫికెట్ (డ్యూటీకి పంపినట్టు ఇచ్చే కాగితం) దొరకలేదు. ఇప్పుడు ఆయన ఆ రాత్రి డ్యూటీలో ఉన్నాడని రుజువు చెయ్యమంటున్నారు. ఎవరికి దెబ్బ తగిలినా ఆ రోజే డైరీ ఎంట్రీ, గాయం సర్టిఫికెట్ నకలు చేతికి తీసుకోండి. తరవాత అడిగితే ఎవరూ ఇవ్వరు. బండి ఆచూకీ తెలియకపోతే హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్రగాయానికి 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు వస్తాయి. బండి దొరికితే మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో కేసు వెయ్యాలి. 2022 ఏప్రిల్ నుంచి దానికి ఆరు నెలల గడువు పెట్టారు, ఆలస్యం చెయ్యొద్దు.

హోంగార్డుల సంగతి మరీ దారుణం. వాళ్ళకు కానిస్టేబుల్ కనీస వేతనంతో సమానంగా డ్యూటీ భత్యం ఇవ్వాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ దెబ్బ తగిలితే మీరు వాలంటీర్లు కదా అంటారు. దీని మీద ఇచ్చిన మెమొరాండానికి జవాబు రాలేదు.

జమాఖర్చుల పట్టిక అందరికీ పంచాం. ఆడిటర్ గారు చూసి సంతకం చేశారు. చందా బకాయిలు ఉన్నవారు ఈరోజే కడితే మేలు.

హాలు ఉచితంగా ఇచ్చిన కల్యాణ మండపం వారికి, భోజనాలు చూసుకున్న మహిళా విభాగం అక్కచెల్లెళ్ళకు, ఫీజు తీసుకోకుండా కాగితాలు చూసిన వకీలు గారికి, శాలువాలిచ్చిన బట్టల షాపు బాబుకు, గుణుపురం నుంచి ప్రతి మీటింగుకీ వచ్చే పెద్దాయనకు, హెడ్ క్లర్కు గారికి మరీ మరీ కృతజ్ఞతలు.

కిందటి సమావేశంలో చేతులెత్తి పేర్లిచ్చిన కుర్రవాళ్ళలో చాలామంది మళ్ళీ కనిపించలేదు. ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నది అరవై దాటినవాళ్ళమే. హెడ్ క్లర్కు గారికి చూపు తగ్గుతోంది, ఆయన పక్కన కూర్చుని ఒడియా అర్జీలు రాయడం నేర్చుకునేవారు కనీసం ఇద్దరు కావాలి. కొత్త కమిటీ ఎన్నిక మొదలయ్యేలోపు వాళ్ళ పేర్లు నాకు ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి